నాగరికతకు పుట్టిల్లు

బూదిగడ్డకు నాగరికత ఒక మంగళవారం పొద్దున జీపులో వచ్చింది. అంతకుముందు ఆ ఊరి జనం మట్టిమిద్దెలు కట్టుకోవడం, గేదెల్ని, వాళ్ళ మాటలో ఎనుముల్ని, మేపుకోవడం, జొన్నలు పండించుకు తినడం, కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి పంపడం వంటి పనులతో ఏదో పొద్దు పుచ్చుతుండేవాళ్ళు. దాన్ని నాగరికత అంటారని వాళ్ళకు చెప్పిన నాథుడు లేడు.

ఊరికా పేరు రావడానికి కారణం ఊరి వెనకున్న పెద్ద బూడిద దిబ్బ. అది ఎవరు పోశారో, ఎప్పుడు పోశారో ఎవరికీ పట్టలేదు. ఆడవాళ్ళు గిన్నెలు తోముకోవడానికి చేటెడు తెచ్చుకునేవాళ్ళు. వంగతోటకు పురుగు పడితే మగవాళ్ళు గంపెడు చల్లుకునేవాళ్ళు. జీపులో వచ్చిన పెద్దలు ఆ దిబ్బను నిలువునా కోసి, వాసన చూసి, పొట్లాలు కట్టి పట్నం పంపించి, అదంతా ఐదువేల ఏళ్ళ కిందటి పేడ అని తేల్చారు. దేశాలు తిరిగి తిరిగి అలిసిపోయిన మనుషులు పశువుల్ని తోలుకుని ఇక్కడిదాకా వచ్చి, దొడ్డి కట్టి, పేడ కుప్పపోసి కాల్చి, ఇక మేం కదలం అని కూచున్నారట.

వెంటనే షామియానా వేశారు. మైకు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పేడను పొగుడుతూ గంటసేపు మాట్లాడి, చివర్లో గొంతు పెంచి, "ఇది ఊరు కాదు! దక్షిణాది నాగరికతకు పుట్టిల్లు!" అన్నాడు.

ముందు వరసలో గొంతుక్కూచున్న ఉరుకుందుకు ఆ ఒక్క మాట చెవిన పడింది. పుట్టిల్లు. అతని కూతురు మద్దమ్మ తుంగభద్ర అవతలి ఊళ్ళో కాపురం చేస్తోంది. మూడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. సర్కారే ఊరిని పుట్టిల్లు అంటోంది గనక రోడ్డు వేస్తారు, దీపాలు పెడతారు, బిడ్డ నిండు నెలలతో వచ్చేసరికి ఊరు మెరిసిపోతుంటుంది అనుకుని, చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాడు. తర్వాత చాలాకాలం ఆ చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా చేతులు పంచెకు తుడుచుకునేవాడు.

రోడ్డు నిజంగానే వేశారు. దిబ్బదాకా నల్లగా నిగనిగలాడే తారు రోడ్డు. ఆ రోడ్డు మీద మొదట వచ్చిన బండి జేసీబీ. దాని వెనక ఆది ఆవాసాల పరిరక్షణ సంస్థ ప్రత్యేకాధికారి గజేంద్రనాథ్ గారి కారు.

గజేంద్రనాథ్ గారు రాతియుగం మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. బతికున్న మనుషులతో మాట్లాడే అలవాటు తక్కువ గనక, మాట్లాడేటప్పుడు వాళ్ళ తలల మీదుగా దిబ్బవైపు చూస్తాడు.

"మిత్రులారా! నిన్నటిదాకా మీరు గ్రామస్థులు. నేటి నుంచి మీరు పైపొర."

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పక్కింటి గిడ్డయ్య ఉరుకుందు డొక్కలో పొడిచి, "మామా, ఇంతకుముందు ఎవరన్నా నిన్ను పొర అన్న్యారా?" అన్నాడు.

"తవ్వకాల భాషలో పైపొర అంటే ఇటీవలి చెత్త అని భావం," అని గజేంద్రనాథ్ గారు ప్రేమగా వివరించాడు. "పైపొరను గౌరవప్రదంగా తొలగిస్తేనే గాని కిందిపొర వెలుగులోకి రాదు. కావున దిబ్బ పరిసరాల్లో మానవ నివాసం నిషేధించడమైనది. మానవుడు తొలిసారి స్థిరపడిన చోటును కాపాడుకోవాలంటే అక్కడ మానవుడు ఉండరాదు."

ఉరుకుందు లేచి నిలబడ్డాడు. "సార్, ఆ పాతకాలపోళ్ళు యాడాడో తిరిగి ఈడికొచ్చి నిలబడినారు, అదే కదా గొప్ప?"

"అదే."

"మరి మేమూ ఈడే నిలబడితిమి కదా సార్?"

"వారికి అనుమతి అవసరం లేదు. అప్పటికి మా సంస్థ ఏర్పడలేదు."

ఈసారి గిడ్డయ్య అడిగాడు. "పోతే పోతాం గానీ, సామాన్లకు లారీ అన్నా పంపిస్తారా సార్?"

గజేంద్రనాథ్ గారికి బాధ కలిగింది. "మీ పూర్వీకులు ఆఫ్రికా నుంచి నడిచి వచ్చారు. ఎడారులు దాటారు, సముద్ర తీరాలు దాటారు. వారు ఎవరినైనా టీఏ అడిగారా? డీఏ అడిగారా? మూడు కిలోమీటర్ల దూరంలోని గుండ్లమిట్టకు మీరు లారీ అడుగుతున్నారు. వలస అనేది మీ రక్తంలో ఉంది. దాన్ని గుర్తు చేసుకోండి."

జేసీబీకి మట్టిమిద్దె ఒక పని కాదు. ఉరుకుందు ఇల్లు కూలడానికి, అతని పెళ్ళాం తిమ్మక్క దేవుని గూట్లో దీపం బయటికి తేవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

గుండ్లమిట్ట అంటే పేరుకు తగ్గట్టు ఏనుగులంతేసి బండరాళ్ళు తప్ప గడ్డిపోచ మొలవని మిట్ట. ఇళ్ళు కోల్పోయినవాళ్ళకు 'దశలవారీగా పునరావాసం కల్పించవలెను' అని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మామూలు ఆఫీసుల్లో దశలవారీగా అంటే ఇప్పుడు కాదు అని అర్థం. ఆ మాత్రం అర్థం బూదిగడ్డ జనానికీ తెలుసు. కానీ ఈ సంస్థ నిండా చరిత్ర చదువుకున్నవాళ్ళే. వాళ్ళకు దశ అంటే ఒకటే అర్థం.

"ప్రస్తుతం మీరు పాతరాతి దశలో ఉన్నారు," అని గజేంద్రనాథ్ గారు ప్రకటించాడు. కుటుంబానికొక బండరాయి కేటాయించి, దాని మీద తెల్లరంగుతో పేరు రాయించాడు. ఆ గుండు నీడ ఆ కుటుంబానిది. పొద్దున నీడ పడమటికి ఉంటుంది గనక సంసారం పడమటి వైపు, సాయంత్రం తూర్పుకు తిరుగుతుంది గనక మంచాలు మోసుకుని తూర్పు వైపు. మిట్టమధ్యాహ్నం ఎవరికీ ఇల్లుండదు.

గ్యాసు పొయ్యిలు సంస్థ గోదాములో పెట్టి తాళం వేశారు. తిమ్మక్క అగ్గిపెట్టె గీస్తుంటే సర్వేకొచ్చిన కుర్ర ఆఫీసరు చూసి, చాలా మర్యాదగా, "అమ్మా, నిప్పు వాడుకోవచ్చు. నిప్పు పాతరాతి దశలోనే ఉంది. అగ్గిపెట్టె మాత్రం చాలా తర్వాతిది," అన్నాడు.

"అట్లనా నాయనా," అంది తిమ్మక్క. "నువ్వేసుకున్న ప్యాంటు ఏ దశలోది?"

కుర్రాడు రాసుకుని వెళ్ళిపోయాడు.

దశ మారాలంటే తనిఖీ సంఘం రావాలి. వచ్చింది. పశువుల్ని మచ్చిక చేసుకోవడం నేర్చుకుంటేనే కొత్తరాతి దశలోకి ఎక్కిస్తామంది. ఉరుకుందుకు ప్రాణం లేచొచ్చింది. "నాకు నాలుగు ఎనుములుండాయి సార్. పేరు పెట్టి పిలిస్తే వస్తాయి."

తనిఖీ సంఘం వాటిని చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచింది. "ఇవి ముందే మచ్చికైనవి. వీటిని ఒప్పుకుంటే ఒక దశ మీరు ఎగ్గొట్టినట్టవుతుంది. ముందు వీటిని అడవిలో వదలండి. అడవి జంతువులయ్యాక పట్టుకుని మచ్చిక చేయండి."

గిడ్డయ్య, ఉరుకుందు కలిసి ఎనుముల్ని తుప్పల్లోకి తోలుకుపోయారు. సంఘం వాళ్ళు బండ మీద గొడుగులు పట్టుకుని కూచున్నారు. గిడ్డయ్య పెద్ద ఎనుము మెడ మీద చెయ్యేసి, "ఓ అడివి జంతువా, రొంత కోపంగా చూడే తల్లీ, సార్లు చూస్తాండారు," అని బతిమాలాడు. ఎనుము అతని చెయ్యి నాకింది.

"ఫెయిల్," అన్నాడు బండ మీది ఆయన.

చీకటి పడేలోగా ఎనుములు నాలుగూ వరసకట్టి, ఎవరూ తోలకుండానే, పాత ఊరికి నడిచిపోయి, కూలిపోయిన దొడ్డి ఉన్నచోటే పడుకున్నాయి. నిషిద్ధ ప్రాంతంలో చొరబాటు కింద కేసు పెడతారేమోనని ఉరుకుందుకు భయం పట్టుకుంది. తెల్లారి వెళితే గజేంద్రనాథ్ గారు వాటి పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటున్నాడు. బూడిద దిబ్బ, దాని పక్కన నెమరు వేస్తున్న పశువులు. ఇంతకన్నా సహజమైన దృశ్యం పట్నంలో కూచుని ఎవరూ ఊహించలేరు. అక్కడికక్కడే నాలుగు ఎనుముల్నీ సజీవ పురావస్తువులుగా ప్రకటించి, చుట్టూ కంచె వేయించి, సంస్థ ఖర్చుతో గడ్డి ఏర్పాటు చేశాడు.

ఆ రోజు నుంచి బూదిగడ్డలో ఉండే హక్కు ఉరుకుందు ఎనుములకు వచ్చింది. ఉరుకుందుకు రాలేదు. పొద్దున్నే మూడు కిలోమీటర్లు నడిచొచ్చి, కంచెలోంచి చేతులు పెట్టి పాలు పితుక్కునేవాడు.

దిబ్బ పక్కనే సంస్థ ఒక నమూనా గుడిసె కట్టించింది. ఆదిమానవుడు కట్టుకున్న తొలి ఇల్లు ఇలా ఉండేదని చూపడానికి గుండ్రటి మట్టిగోడ, బోదగడ్డి కప్పు, లోపల ఒక పొయ్యి, రెండు కుండలు. కాంట్రాక్టరు మట్టి కోసం దూరం పోకుండా కూల్చిన ఇళ్ళ మట్టినే తొక్కించాడు. అలకడానికి తిమ్మక్కను కూలికి పిలిచారు. ఆమె పేడనీళ్ళతో గోడ మెత్తుతుండగా అందులోంచి నీలిసున్నం పెచ్చు ఒకటి బయటపడింది. మద్దమ్మ పెళ్ళికి ముందురోజు తల్లీకూతుళ్ళు కలిసి కొట్టిన సున్నం. తిమ్మక్క దాన్ని తీయలేదు. చుట్టూ నున్నగా మెత్తి, అట్లాగే వదిలేసింది. గుడిసెకు బోర్డు పెట్టారు: 'ఇది ఇల్లు. లోపలికి ఎవరూ ప్రవేశించరాదు.'

ఈలోగా మద్దమ్మకు ఏడో నెల వెళ్ళి ఎనిమిదో నెల వచ్చింది. కూతుర్ని పిలుచుకురావడానికి ఉరుకుందు పోతే వియ్యపురాలు కాళ్ళకు నీళ్ళయినా ఇవ్వకుండా అడిగింది. "యాడికి పిలుచుకపోతావప్పా? గుండు కిందికా? మద్దేనం పూట నా కోడలు యాడ పండుకోవాల? మీ ఊరు పుట్టిల్లంట, పేపర్లో చదివితిమి. ఊరికుంటే సరిపాయెనా, నీకుండొద్దా?"

ఉరుకుందు వచ్చిన దారినే తిరిగి బస్సెక్కాడు. దిగి నేరుగా సంస్థ ఆఫీసుకు పోయాడు.

"సార్, మిద్దె వద్దు. మేడ వద్దు. ఒక రూము. పైన రేకులు. మా బిడ్డ పురిటికి వస్తాది."

"ఇల్లా?" గజేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు ఉరుకుందూ, ఇల్లు ఊరికే రాదు. ధాన్యం నిల్వ ఉంటేనే మనిషికి ఇంటి అవసరం. కుండ ఉంటేనే నిల్వ. చక్రం ఉంటేనే మంచి కుండ. మీ ఫైలు చక్రం దగ్గర ఆగింది."

"ఏంటికి ఆగింది సార్?"

"చక్రం రవాణా శాఖ పరిధిలోకి వస్తుందట. వారి నిరభ్యంతర పత్రం రావాలి."

"అదెప్పుడొస్తాది?"

"మానవజాతికి ఈ దశ దాటడానికి వేల ఏళ్ళు పట్టింది. మేం మీకు రెండేళ్ళలో చేసి పెడుతున్నాం. చరిత్రలో తొందరపాటు పనికిరాదు."

"కడుపులో బిడ్డకు చరిత్ర తెల్దు సార్," అన్నాడు ఉరుకుందు. "దానికి నెలలే తెలుసు."

గజేంద్రనాథ్ గారు దిబ్బవైపు చూశాడు.

మద్దమ్మ ఎవరూ పిలుచుకు రాకుండానే వచ్చేసింది. పుట్టింటిని అత్త ఏదో అన్నదట, నోరు మూసుకుని పడి ఉండటం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ రాదు. సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. బస్సు కొత్త తారు రోడ్డు మీద వచ్చి కంచె ముందు ఆగింది. "పుట్టిల్లు! పుట్టిల్లు దిగేటోళ్ళు దిగండి!" అని కండక్టరు అరిచాడు. స్టాపు పేరు మార్చి నెలవుతోంది. మద్దమ్మ దిగి చూస్తే పుట్టిల్లు లేదు. కంచె లోపలున్న ఎనుము మాత్రం ఆమెను చూసి మోర ఎత్తి అరిచింది.

గుండ్లమిట్టకు నడిచిపోయి నాలుగు రోజులు గుండు చుట్టూ నీడతో పాటు తిరిగింది. ఐదోనాడు మధ్యాహ్నం, మబ్బులు కమ్ముకొచ్చే వేళకు నొప్పులు మొదలయ్యాయి. నెల ఇంకా నిండలేదు. గిడ్డయ్య అంబులెన్సుకు ఫోను చేశాడు.

"యాడుండారన్నా?" అన్నాడు డ్రైవరు.

"గుండ్లమిట్ట."

"అన్నా, మ్యాపులో ఆడ రోడ్డు చూపించడం ల్యా."

"రోడ్డు పట్టణ దశలో ఇస్తారంటప్పా. మేమింకా రాతిలో ఉండాం."

"ఏందన్నా, తాగినావా?" అని, పాపం మంచివాడు, "బూదిగడ్డ కాడ తారు రోడ్డుంది కదా, ఆడిదాంకా తీస్కరాండి, నేనొస్తా," అన్నాడు.

దుప్పటికి వాసం కట్టి, డోలీలో మద్దమ్మను మోసుకుని బయల్దేరారు. ముందు ఉరుకుందు, వెనక గిడ్డయ్య, పక్కన తిమ్మక్క, వాళ్ళ వెనక కర్ర పొడుచుకుంటూ, ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన హుసేనమ్మవ్వ. సగం దారిలో వాన అందుకుంది. దిబ్బ దగ్గరికి చేరేసరికి హుసేనమ్మవ్వ దుప్పట్లో చెయ్యిపెట్టి చూసి, "ఆపండ్రా. ఇంగ బండి లేదు, ఆస్పత్రి లేదు. తలకాయ తగులుతాండాది," అంది.

ఎదురుగా గుండ్రటి గుడిసె. గుమ్మానికి అడ్డంగా కట్టిన తాడు, బోర్డు.

ఉరుకుందు బోర్డు చదివాడు. చదివి, తాడు తెంపాడు.

లోపల పొయ్యిలో నిప్పు పడింది. ప్రదర్శనకు పెట్టిన కుండలో నీళ్ళు కాగాయి. మగవాళ్ళిద్దరూ బయట చూరు కింద తడుస్తూ నిలబడ్డారు. లోపల్నించి ఒక కేక వినపడింది, తర్వాత తిమ్మక్క "ఓర్చుకో తల్లీ, ఓర్చుకో" అనడం, తర్వాత చాలాసేపు వాన. తర్వాత సన్నగా, కోపంగా, ఒక కొత్త గొంతు.

"ఆడపిల్ల," అని అరిచింది హుసేనమ్మవ్వ. "తల్లి మాదిరే, నోరు పెద్దది."

అంబులెన్సు కుర్రాడు వచ్చి తల్లినీ పిల్లనూ చూసి, ఇద్దరూ బాగున్నారు, వానలో కదిలించకండి అని మందులిచ్చి వెళ్ళాడు. మద్దమ్మ గోడకు ఒరిగి పడుకుని, వేలితో నీలిసున్నం పెచ్చును తడుముతూ, "అమ్మా, ఇది మనింటి గోడ కదమా," అంది.

"ఊ. పండుకో," అంది తిమ్మక్క, మొహం పక్కకు తిప్పుకుని.

మరుసటి రోజు ప్రపంచ గుర్తింపు ఇచ్చే బృందం విదేశాల నుంచి రావాల్సిన రోజు. వాన వెలిసిన పొద్దున గజేంద్రనాథ్ గారు వాళ్ళను వెంటబెట్టుకుని దిబ్బ దగ్గరికొచ్చి చూస్తే, నమూనా గుడిసె కప్పులోంచి పొగ లేస్తోంది. గుమ్మం ముందు తీగ మీద పాతచీర గుడ్డలు ఆరుతున్నాయి. ఆయన నోరు తెరిచాడు, సెక్యూరిటీని పిలవడానికి. ఈలోగా బృందం నాయకురాలు, తెల్లజుట్టు ఆమె, లోపలికి తొంగి చూసింది. పొయ్యి, కాగుతున్న కుండ, పాలు తాగుతున్న పసికందు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇంగ్లీషులో ఏదో అంది.

గజేంద్రనాథ్ గారి నోరు తెరిచింది తెరిచినట్టే నవ్వుగా మారింది. అదంతా తమ సంస్థ ఏర్పాటేనని చెప్పినట్టున్నాడు, అందరూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. తెల్లజుట్టు ఆమె ఉరుకుందును చూపిస్తూ ఒక ప్రశ్న అడిగింది.

"ఇక్కడ ఎప్పటి నుంచి నివసిస్తున్నావని అడుగుతున్నారు," అన్నాడు గజేంద్రనాథ్ గారు.

"నిన్న మద్దేనం నుంచి సార్."

ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఏమని మార్చాడో గాని, ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉరుకుందుకు వంగి దణ్ణం పెట్టింది.

గుర్తింపు అక్కడికక్కడే ఖాయమైంది. కార్లు వెళ్ళిపోయాక గజేంద్రనాథ్ గారు తిరిగొచ్చాడు. ఈసారి మొట్టమొదటిసారిగా ఉరుకుందు మొహం వైపు చూసి మాట్లాడాడు.

"అభినందనలు. నిప్పు, కుండ, పశువు, ఇల్లు, సంతానం. మీ అంతట మీరే అన్ని దశలూ పూర్తి చేశారు."

ఉరుకుందు గుడిసె గోడ మీద చెయ్యి వేశాడు. "అయితే ఈ ఇల్లు మాదేనా సార్?"

"ఇంటి దశ నిన్నటితో ముగిసింది. ఇక మిగిలింది ఆఖరి దశ ఒక్కటే."

"కరెంటా సార్?" అన్నాడు గిడ్డయ్య ఆశగా.

"పతనం," అన్నాడు గజేంద్రనాథ్ గారు. "ఏ మహా నాగరికతను చూసినా అంతే. పుట్టింది, పెరిగింది, ఒకనాడు జనం ఊళ్ళు విడిచి వెళ్ళిపోయారు. ఆ ఘట్టం లేకపోతే నాగరికతకు నిండుదనం రాదు. సంతోషించండి, మిగతా దశల మాటెలా ఉన్నా దీనికి నిధులు ముందే విడుదలయ్యాయి. అయితే కారణం విషయంలో పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. కొందరు వరద అంటారు, కొందరు కరువు, కొందరు దండయాత్ర. మీకు ఏది కావాలో మీరే ఎంచుకోవచ్చు."

"కరువు మేం శానాసార్లు చూసినాంలే సార్," అన్నాడు గిడ్డయ్య.

"అయితే దండయాత్ర పెట్టుకుందాం. జేసీబీ సిద్ధంగా ఉంది."

లోపల్నించి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. "పచ్చి బాలింత సార్," అన్నాడు ఉరుకుందు. "పదకొండోనాడు పురుటి నీళ్ళు పోసేదాంకా కదిలించగూడదు."

గజేంద్రనాథ్ గారు రాతిగుండె మనిషేమీ కాడు. రాతియుగం మనిషి, అంతే. "తప్పకుండా. చరిత్రలో తొందరపాటు పనికిరాదు. పురుడు అయ్యాకే దండయాత్ర," అన్నాడు.

పురుటి నీళ్ళు పోసిన మర్నాడు వాళ్ళు బయల్దేరారు. తిమ్మక్క గుడిసె నేల శుభ్రంగా అలికి, ముగ్గు కూడా వేసి వచ్చింది. గోడలోని నీలిసున్నం పెచ్చు ఆమె కొంగుముడిలో ఉంది. కంచె లోపలి ఎనుము కంచె పొడవునా వాళ్ళ వెంట నడిచి, కంచె అయిపోయిన చోట ఆగి అరిచింది.

"నాయనా," అంది మద్దమ్మ, బిడ్డను భుజాన వేసుకుని. "ఇది పెద్దదై నీ పుట్టిల్లు యాడుందిమా అంటే ఏం చెప్పాల?"

తారు రోడ్డు మొగదల సంస్థవాళ్ళు కొత్త బోర్డు పాతుతున్నారు. పెయింటు ఇంకా ఆరలేదు. ఉరుకుందు దాని ముందు ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగాడు.

"ఏం రాసినారు మామా?" అన్నాడు గిడ్డయ్య.

"ఈడ శానా గొప్పోళ్ళు బతికినారంట."

"ఆ?"

"ఉన్నట్టుండి ఒకరోజు ఊరిడిచి పోయినారంట. ఏంటికి పోయినారో ఎవరికీ తెల్దంట."

వెనక జేసీబీ స్టార్టయింది. పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఉరుకుందు దాన్ని చేతుల్లోకి తీసుకుని, దాని తలకు తువ్వాలు చుట్టి, నడక మొదలుపెట్టాడు.